బల్గేరియా కనుమల త్రీడీ నమూనా: విజయవాడలో చేయించుకున్న పనిపై సమీక్ష

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక చిన్న త్రీడీ ప్రింటింగ్ దుకాణం, మనం కోరిన ప్రాంతపు నేలను కొండలూ లోయలూ చేతికి తగిలేలా ప్లాస్టిక్ నమూనాగా చేసి ఇస్తోంది. గుంటూరులో పీజీ విద్యార్థులకు మధ్యయుగ యూరప్ చరిత్ర బోధిస్తున్నందువల్ల, బల్గేరియా తొలి రాజ్యం బైజాంటైన్ సామ్రాజ్యంతో, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన తూర్పు రోమన్ సామ్రాజ్యంతో, సాగించిన యుద్ధాలను వివరించడానికి, ఉత్తరాన డాన్యూబ్ నది నుంచి దక్షిణాన బెలాసిత్సా పర్వతం దాకా, తూర్పున నల్లసముద్రం నుంచి పశ్చిమాన ప్రిలెప్ పట్టణం దాకా ఉన్న నేలను అక్కడ చేయించాను. నమూనా పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 36 సెంటీమీటర్లు; నేల మీది కిలోమీటరు ఇందులో ఒక మిల్లీమీటరు అవుతుంది. ఆరు పలకలుగా ముద్రించి, ప్లైవుడ్ మీద అతికించి, రంగులు వేసి ఇచ్చినందుకు 11,000 రూపాయలు తీసుకున్నారు. కొన్ని లోపాలున్నా ఇది ధరకు తగిన వస్తువేనని, యుద్ధ చరిత్ర చెప్పేవారికి ఇలాంటిది ఒకటి దగ్గర ఉండి తీరాలని నా అభిప్రాయం. ఆ లోపాలేమిటో, అవి ఎందుకు పట్టించుకోదగినవో చెప్పాలంటే ఆ కొండల్లో జరిగినదేమిటో కూడా చెప్పక తప్పదు.

కొండ రక్షణ ఇస్తుందనగానే మన ప్రాంతపు విద్యార్థులకు కొండవీడు గుర్తుకొస్తుంది. రెడ్డిరాజులు కొండ మీద కోట కట్టి, బురుజులు నిలిపి, శత్రువు కింది నుంచి ఎక్కి రావలసిన పరిస్థితి కల్పించారు. బల్గేరియా మొదటి రాజధాని ప్లిస్కా అలాంటిది కాదు, అది మైదానంలో ఉంది. దానికి దక్షిణంగా, పడమటి నుంచి తూర్పుకు సముద్రం దాకా సాగే స్తారా ప్లానినా పర్వతశ్రేణి రాజ్యానికీ కాన్‌స్టాంటినోపుల్‌కూ మధ్య అడ్డంగా నిలిచింది. ఆనాటి గ్రీకులు దాన్ని హేమస్ అనేవారు. ఆ శ్రేణిని దాటడానికి కొన్ని కనుమలే దారి, పోరు జరిగింది ఆ కనుమల్లోనే. కాగితం పటం మీద గోధుమ రంగు గీతగా కనిపించే ఈ శ్రేణిని చూపించి ఈ తేడాను నమ్మించడం చాలా కష్టం. నమూనాను బల్ల మీద పెట్టి, దక్షిణాన ఉన్న థ్రేస్ మైదానం నుంచి ప్లిస్కాకు వేలితో దారి వెతకమంటే, ప్రతి విద్యార్థి వేలూ ఆ రెండు మూడు పల్లాల దగ్గరికే చేరుతుంది. తర్వాత నేను చెప్పవలసింది చాలా తక్కువ.

ఆ రాజ్యాన్ని స్థాపించిన బల్గర్ల పాలకులు ఈ సంగతిని మొదటి నుంచీ ఎరిగినవారే. 680లో డాన్యూబ్ ముఖద్వారం దగ్గర నాలుగవ కాన్‌స్టాంటైన్ చక్రవర్తి సైన్యాన్ని ఓడించి, 681లో సంధి ద్వారా రాజ్యానికి గుర్తింపు పొందిన అస్పరుఖ్, స్లావ్ తెగలలో ఒకటైన సెవెరీలను తూర్పు వైపు వెరెగావా కనుమ ముందు నివసించేలా తరలించాడని థియోఫేన్స్ అనే చరిత్రకారుడు రాశాడు. ఈ వెరెగావానే నేటి రీష్ కనుమగా గుర్తిస్తారు. అంటే కనుమల కాపలా ఏర్పాటు ఆ రాజ్యంతో పాటే పుట్టిందన్నమాట.

ఇక నమూనా తయారీలో అన్నింటికంటే ఎక్కువగా ఆలోచించవలసిన విషయం ఎత్తును ఎన్ని రెట్లు పెంచాలన్నది. ఈ నిష్పత్తిలో నిజమైన ఎత్తులే ఉంచితే, స్తారా ప్లానినాలో అత్యున్నతమైన బొతెవ్ శిఖరం 2,376 మీటర్లదైనా నమూనా మీద రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేవదు. మొత్తం బల్గేరియా ఒక గరుకు పలకలా కనిపిస్తుంది. దుకాణం వారు పది రెట్లు పెంచితే చూడటానికి బాగుంటుందని సూచించారు. అప్పుడు కొండలన్నీ సూదుల్లా నిలబడి, ఏ సైన్యమూ దాటలేని గోడ అన్న అపోహ కలుగుతుంది కాబట్టి, ఐదు రెట్లే చాలన్నాను. ఇది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. బొతెవ్ శిఖరం పన్నెండు మిల్లీమీటర్ల ఎత్తున, రిలా పర్వతాల్లోని 2,925 మీటర్ల ముసాలా దాదాపు పదిహేను మిల్లీమీటర్ల ఎత్తున నిలిచాయి. రీష్ కనుమ సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంటుంది కనుక అది రెండు మిల్లీమీటర్లకే పరిమితమైంది.

ఈ చివరి సంఖ్య ముఖ్యమైనది. తూర్పు స్తారా ప్లానినా సముద్రాన్ని సమీపించేకొద్దీ తగ్గిపోతుంది. బైజాంటైన్ సేనలను మింగిన చోట్లు రిలా వంటి మహాపర్వతాలు కావు, ఎత్తును బట్టి చూస్తే సాధారణమైన కొండలు. అందుచేత ఆ కొండలను భయంకరంగా చేసినది ఎత్తు కాదని, మరొకటేదో ఉందని నమూనాయే ప్రశ్న లేవనెత్తుతుంది. జవాబు మాత్రం నమూనాలో లేదు. ఆ జవాబు అడవి. నిలువునా పెరిగిన చెట్లు, వాటి మధ్య ఇరుకు దారి, బండ్లూ గుర్రాలూ పక్కకు తిరగలేని పరిస్థితి, దారికి రెండు వైపులా కనపడకుండా కూర్చోగల నేర్పరులు: ఇవన్నీ కలిస్తేనే 400 మీటర్ల కనుమ ఉరి అవుతుంది. 967 ప్రాంతంలో నికెఫొరస్ ఫొకాస్ చక్రవర్తి, ఆ కాలపు గొప్ప సేనానులలో ఒకడైనప్పటికీ, సరిహద్దు దాకా వచ్చి అడవులూ లోతైన లోయలూ చూసి, పూర్వం అక్కడ హతమైన రోమన్ సేనలను తలచుకుని, తన వారిని పశువుల్లా వధకు అప్పగించలేనని వెనుదిరిగాడని ఆ కాలపు బైజాంటైన్ చరిత్రకారుడు లియో డీకన్ రాశాడు. నమూనా మీద కొండలకు వేసిన ముదురు ఆకుపచ్చ రంగు అందంగానే ఉంది గాని, అది ఎత్తును సూచించే రంగే తప్ప అడవిని సూచించేది కాదు. ఈ పని చేయించుకునేవారు అడవిని వేరే గుర్తుతో చూపించమని ముందే అడగడం మంచిది.

811 నాటి కథను ఈ నమూనా ఎంత చక్కగా చెప్పగలదో అంత చక్కగా మరే సాధనమూ చెప్పలేదు. మొదటి నికెఫొరస్ చక్రవర్తి పెద్ద సైన్యంతో హేమస్‌ను దాటి జులైలో ప్లిస్కాను పట్టుకుని, బల్గర్ల పాలకుడైన ఖాన్ క్రూమ్ నివాసాన్ని తగలబెట్టించాడు. గెలిచావు కదా, కావలసినవి తీసుకుని శాంతిగా వెళ్లిపొమ్మని క్రూమ్ పంపిన కబురును అతడు లెక్కచేయలేదు. వచ్చేటప్పుడు కనుమలు అతణ్ని ఆపలేదన్న సంగతిని ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవాలి. తిరుగు ప్రయాణంలో అతడు దక్షిణంగా కొండల వైపు మళ్లాక, బల్గర్లు రెండు రోజుల్లో కనుమను దుంగల అడ్డుగోడతో మూసివేశారు. సైన్యం దిగిన లోయ చుట్టూ ఎక్కడా దారి లేదని తెలిసినప్పుడు, రెక్కలు మొలిచినా ఇక్కడి నుంచి ఎవరూ తప్పించుకోలేరని చక్రవర్తే అన్నట్టు థియోఫేన్స్ రాశాడు. జులై 26 వేకువన బల్గర్లు విరుచుకుపడ్డారు. నికెఫొరస్ గుడారం దగ్గరే హతమయ్యాడు. 378లో ఏడ్రియానోపుల్ దగ్గర వాలెన్స్ మరణించిన తరువాత యుద్ధభూమిలో ప్రాణం పోయిన రోమన్ చక్రవర్తి మళ్లీ ఇతడే. కొడుకు స్టౌరాకియస్ తీవ్రంగా గాయపడి, కొద్ది నెలలే జీవించి 812 జనవరిలో మరణించాడు. పారిపోయిన వారిలో చాలామంది ఒక బురద ఏటిలో పడి తొక్కిసలాటలో చనిపోగా, ఏటిని దాటినవారు దుంగల గోడ ఎక్కి అవతలి కందకంలో పడి నలిగిపోయారని, గోడకు నిప్పు పెట్టినవారు ఆ మంటల్లోనే చిక్కుకున్నారని ఒక అజ్ఞాత రచయిత వృత్తాంతం తెలుపుతోంది. నికెఫొరస్ కపాలానికి వెండి తొడిగించి, క్రూమ్ దానితో స్లావ్ నాయకుల చేత మద్యం తాగించాడన్నది అందరికీ తెలిసిన ముగింపు. దాని మీద ఆసక్తి ఎక్కువై, దుంగలు నరికిన ఆ రెండు రోజుల శ్రమను అందరూ మరిచిపోతారన్నది నా బాధ.

ఆ స్థలం వర్బిత్సా కనుమ అని చాలామంది చరిత్రకారుల భావన. నమూనా మీద ప్లిస్కా నుంచి అక్కడికి ఆరు సెంటీమీటర్ల దూరం. కనుమ వైపు వెళ్లేకొద్దీ రెండు పక్కలా నేల పైకి లేచి, వేలికి ముందు దారి సన్నబడటం స్పష్టంగా తెలుస్తుంది. అయితే అసలు ఘటనా స్థలం, అంటే సైన్యం చిక్కుకున్న లోయ, ఏరు, గోడ కట్టిన ఇరుకు చోటు, ఇందులో కనిపించవు. కారణం యంత్రం సామర్థ్యంలోనే ఉంది: ప్లాస్టిక్ పోసే నాజిల్ రంధ్రం 0.4 మిల్లీమీటర్లు, అంటే నేల మీద 400 మీటర్లు. పొర మందం 0.2 మిల్లీమీటర్లు, ఐదు రెట్లు పెంచిన ఎత్తులో అది 40 మీటర్లు. అంతకంటే సన్నని దారీ, అంతకంటే చిన్న మెరకా నమూనా నుంచి జారిపోతాయి. సైన్యాల ప్రాణాలు మాత్రం ఆ 400 మీటర్ల లోపలే తేలిపోయాయి.

మిగిలిన తూర్పు కనుమల యుద్ధాలకు ఈ పలక చాలినంత ఉపయోగపడింది. 759లో ఐదవ కాన్‌స్టాంటైన్‌ను వెరెగావాలో బల్గర్లు మాటువేసి దెబ్బతీయడం, 792లో బల్గర్ల పాలకుడు కర్దామ్ మార్కెలి కోట దగ్గర, కొండల దక్షిణపు అంచున, ఆరవ కాన్‌స్టాంటైన్‌ను ఓడించి చక్రవర్తి గుడారాన్ని సైతం స్వాధీనం చేసుకోవడం ఒక్క చోటనే చూపించవచ్చు. విజయం తథ్యమని ఆ చక్రవర్తికి జోస్యం చెప్పిన పంక్రాతియస్ కూడా ఆ యుద్ధంలోనే చనిపోయాడు. వీటికి విరుద్ధంగా 763లో ఖాన్ తెలెత్స్ కొండల రక్షణను వదిలి, సముద్రతీరంలో అంకియాలస్ మైదానంలోకి దిగి పోరాడి, ఐదవ కాన్‌స్టాంటైన్ చేతిలో ఘోరంగా ఓడిపోయాడు. మైదానంలో బల్గర్లు ఎప్పుడూ ఓడిపోయారని అనలేము. 813లో వెర్సినికియా దగ్గర క్రూమ్, 917లో అంకియాలస్ సమీపంలోనే అహెలోయ్ నది దగ్గర బల్గేరియా పాలకుడు సిమియన్ గొప్ప విజయాలు సాధించారు. కొండ వారికి బలాన్ని పెంచిన సాధనమే గాని, బలానికి బదులుగా నిలిచినది కాదు.

ఈ మాటకు 971 కంటే మంచి నిదర్శనం లేదు. అప్పటికి సిమియన్ తన రాజధానిని ప్రెస్లావ్‌కు మార్చి చాలా కాలమైంది. ప్లిస్కా కంటే అది కొండలకు ఎంతో దగ్గర, నమూనా మీద వర్బిత్సా నుంచి మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. బల్గేరియాను ఆక్రమించిన కీవ్‌ను ఏలిన రుస్ రాజు స్వియాతొస్లావ్ ముఖ్య బలం డాన్యూబ్ తీరంలోని దొరొస్తొలన్‌లో ఉంది, కనుమలకు కాపలా లేదు. జాన్ త్సిమిస్కెస్ చక్రవర్తి ఈస్టర్ పండుగ రోజుల్లో ఎవరూ దండయాత్ర ఊహించరని లెక్కవేసి, ఆ కనుమలను ఎదురు లేకుండా దాటి, ఏప్రిల్‌లో ప్రెస్లావ్‌ను పట్టుకున్నాడు. ఫొకాస్‌ను వెనక్కి పంపిన కొండలే, అదే అడవులే, నాలుగేళ్ల తరువాత ఒక సైన్యాన్ని నిశ్శబ్దంగా పోనిచ్చాయి. నా విద్యార్థుల్లో ఎక్కువ చర్చ పుట్టించిన ఘట్టం కూడా ఇదే.

పడమటి పలకల విషయంలో నా అసంతృప్తి కొంచెం ఎక్కువ. పలకల అతుకులు ఎక్కడ పడాలన్నది దుకాణంలోని సాఫ్ట్‌వేర్ సమానంగా కోసి నిర్ణయించింది. దాని ఫలితంగా నాలుగు పలకల మూలలు సోఫియా పక్కనే కలిశాయి, వితోషా పర్వతం మీదుగా ఒక అతుకు పోయింది, పెర్నిక్ సరిగ్గా ఆ గీత మీదే పడింది. 1016లో రెండవ బేసిల్ చక్రవర్తి 88 రోజులు ముట్టడించినా లొంగని కోట పెర్నిక్. దాన్ని కాపాడిన బల్గేరియన్ నాయకుడు క్రాక్రా, 971 తరువాత పడమట నిలిచిన బల్గేరియా రాజ్యం 1018లో కూలిన తరువాతే, తన అధీనంలోని 35 కోటలతో సహా లొంగిపోయాడు. అటువంటి చోటును పుట్టీ నింపిన అతుకు కింద వెతుక్కోవలసి రావడం విచారకరం.

986 యుద్ధం కూడా ఈ అతుకుకు బలైంది. బేసిల్ యువకుడిగా మొదటిసారి దండెత్తి వచ్చి, సెర్దికాను, అంటే నేటి సోఫియాను, ఇరవై రోజులు ముట్టడించి, ఏమీ సాధించలేక, ఆహారం తరిగిపోగా తిరుగుముఖం పట్టాడు. ఇహ్తిమాన్ దాటిన తరువాత ట్రాజన్ గేట్ అనే కనుమలో ఆగస్టు 17న, పడమటి బల్గేరియాను ఏలుతున్న సామ్యూల్ సేనలు అతని మీద పడ్డాయి. చక్రవర్తి ప్రాణాలతో బయటపడ్డాడు గాని, సైన్యంలో ఎక్కువ భాగమూ గుడారమూ సామగ్రీ పోయాయి. ఆ సైన్యంలో ఉన్న లియో డీకన్ తాను కొద్దిలో తప్పించుకున్న వైనాన్ని స్వయంగా రాసుకున్నాడు. ఇక్కడ కూడా లోపలికి రానిచ్చి, పోయేటప్పుడు పట్టుకోవడమే పద్ధతి. వచ్చే సైన్యం జాగ్రత్తగా, నిండు ఆహారంతో, వరుసలో నడుస్తుంది. అలసి, ఆకలితో, దోపిడి సొమ్ముతోనో ఓటమి భారంతోనో ఇంటికి తొందరపడే సైన్యం అలా నడవదు. 811, 986 యుద్ధాలను పక్కపక్కన పెట్టి చూపించడానికే నేను ఈ నమూనాను ముఖ్యంగా కోరుకున్నాను. సెర్దికా ఒక పలకలోనూ ట్రాజన్ గేట్ మరో పలకలోనూ పడినా, రోడోపీ పర్వతాల ఉత్తరపు అంచుకూ స్రెద్నా గోరా కొండలకూ మధ్య పాత రోమన్ రాజమార్గం ఎలా దూరి పోయిందో మాత్రం బాగానే తెలుస్తోంది.

బెలాసిత్సా దగ్గర పెద్ద నమూనా పూర్తిగా చాలలేదు. ఆ పర్వతం పొడవు నమూనా మీద ఆరు సెంటీమీటర్లు వచ్చినా, వెడల్పు ఒక సెంటీమీటరు కూడా రాలేదు. 1014 యుద్ధం మొత్తం ఆ కొద్దిపాటి చోటులోనే జరిగింది. అందుకని దుకాణం వారిని అడిగి, ఆ ఒక్క ప్రాంతాన్నే ఐదు రెట్లు పెద్దదిగా, ఎత్తును రెండు రెట్లు మాత్రమే పెంచి, ఇరవై సెంటీమీటర్ల చిన్న పలకగా వేరే చేయించాను. దానికి 1,800 రూపాయలు తీసుకున్నారు. ఖర్చు పెట్టిన సొమ్ములో అత్యంత సార్థకమైనది ఇదే.

ఈ చిన్న పలక మీద ఉత్తరాన ఒగ్రాజ్‌దెన్, దక్షిణాన బెలాసిత్సా, వాటి మధ్య స్త్రూమెష్నిత్సా నది లోయ స్పష్టంగా నిలిచాయి. ఏటేటా ఆ దారిన వస్తున్న బేసిల్‌ను ఆపడానికి సామ్యూల్ క్లిదియన్ దగ్గర, నేటి క్ల్యూచ్ గ్రామం ఉన్న చోట, లోయకు అడ్డంగా దుంగల గోడ కట్టించాడు. ఎదురుగా వచ్చిన దాడులన్నిటినీ ఆ గోడ తట్టుకుంది. అప్పుడు ఫిలిప్పొపోలిస్ పాలకుడైన నికెఫొరస్ క్సిఫియాస్ ఒక దళంతో వెనక్కి వెళ్లి, బెలాసిత్సాను దక్షిణం వైపు నుంచి ఎక్కి, దారిలేని వాలు మీదుగా దిగి, జులై 29న బల్గేరియన్ల వెనుక ప్రత్యక్షమయ్యాడు. పలకను ఎదురుగా పెట్టుకుని చూస్తే సామ్యూల్ ఆ వైపు కాపలా ఎందుకు పెట్టలేదో అర్థమవుతుంది: రెండు వేల మీటర్లకు పైబడిన ఆ కొండ గోడ కంటే గట్టి గోడగా కనిపిస్తుంది, దాని మీదుగా సైన్యం వస్తుందని ఎవరికీ తోచదు. సుమారు పదమూడేళ్ల ముందు ప్లిస్కా, ప్రెస్లావ్‌లను తిరిగి సామ్రాజ్యంలో కలిపిన సేనానుల్లో ఈ క్సిఫియాస్ ఒకడు. బల్గేరియా కొండలు అతనికి కొత్తవి కావు. సామ్యూల్‌ను కొడుకు గావ్రీల్ రాదొమీర్ కాపాడి ప్రిలెప్‌కు చేర్చాడు. బందీల్లో పదిహేను వేల మంది కళ్లు తీయించి, నూటికి ఒకడికి ఒక కన్ను మిగిల్చి పంపారని బైజాంటైన్ చరిత్రకారుడు స్కిలిట్సెస్ రాసిన లెక్క అతిశయమని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. వారిని చూసి కుప్పకూలిన సామ్యూల్ అక్టోబర్ 6న మరణించాడు. అయినా కొండలు అప్పుడే ఓడిపోలేదు. క్లిదియన్ తరువాత కొద్ది రోజులకే స్త్రూమిత్సా దగ్గరి ఇరుకు దారిలో థియొఫిలాక్ట్ బొటానియాటెస్ అనే బైజాంటైన్ సేనాని మాటులో చిక్కి మరణించగా, బేసిల్ ముందుకు సాగకుండా వెనక్కి తగ్గవలసి వచ్చింది. బెలాసిత్సాలో ఎత్తైన శిఖరానికి నేడు రాదొమీర్ అనే పేరే ఉంది.

వస్తువు నాణ్యత గురించి మరికొన్ని మాటలు. రంగుల పని శుభ్రంగా ఉంది. నదులను సన్నని కుంచెతో గీశారు, తూర్పున కమ్చియా, దక్షిణాన తుంజా వంకర్లు తప్పులేకుండా వచ్చాయి. పేర్లను పలక మీదే చెక్కితే నేల రూపం చెడిపోతుందని చెప్పి, చిన్న గుండుసూది జెండాల మీద తెలుగులో ముద్రించి ఇచ్చారు. ఈ ఆలోచన దుకాణం వారిదే, చాలా మంచిది. ఒక్కో యుద్ధానికి ఒక్కో రంగు జెండా పెట్టి, పాఠం సాగుతుండగా గుచ్చుకుంటూ పోవచ్చు. వాడినది త్రీడీ ప్రింటింగ్‌లో మామూలుగా వాడే పీఎల్ఏ అనే రకం ప్లాస్టిక్. అరవై డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది. మన వేసవిలో ఎండలో నిలిపిన కారులో వదిలితే పలకలు వంగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, విజయవాడ నుంచి గుంటూరుకు గాని మరెక్కడికి గాని తీసుకువెళ్లేవారు మధ్యలో కారు ఆపి భోజనానికి వెళ్లకపోవడం మంచిది. చెప్పిన గడువు కంటే కొంత ఆలస్యమైంది. ఫోన్ చేసిన ప్రతిసారీ పని ఎంతవరకు వచ్చిందో ఫొటో పంపారు గనుక నాకు ఇబ్బంది అనిపించలేదు.

ఇదే నమూనా చేయించుకోదలచినవారు దుకాణంలో మూడు విషయాలు ముందుగానే మాట్లాడుకోవాలి. అతుకులు థ్రేస్, డాన్యూబ్ మైదానాల్లో పడేలా పలకలను అసమానంగా కోయించాలి. అది సాధ్యమేనని వారు తరువాత నాతో అన్నారు. పశ్చిమపు హద్దును మరో మూడు నాలుగు సెంటీమీటర్లు జరిపిస్తే సామ్యూల్ రాజధాని అయిన ఓహ్రిద్, దాని సరస్సు లోపలికి వస్తాయి. ప్రస్తుతం అవి అంచుకు అవతలే ఉండిపోయాయి. వర్బిత్సా కనుమకు కూడా బెలాసిత్సాకు చేయించినట్టే పెద్ద పలక ఒకటి వేరే చేయించుకోవాలి. ఆ పలకకు నేను ఇప్పటికే ఆర్డర్ ఇచ్చాను, ఈసారి అడవిని గరుకు పూతతో చూపించమన్నాను.